పట్టికలో లేని నెల

కూర్మన్నపాలెం,
11 జనవరి 2026

ఒరే ఎల్లారావూ,

ఎలగున్నావు? కాండ్లా పోర్టులో సలి గట్టిగా ఉందేటి? ఇక్కడ పొద్దున్నపూట మంచు, మజ్జాన్నానికి మామూలే.

ఇన్నాళ్ళకి బావ ఉత్తరం రాసీడేటి అనుకోకు. ఫోన్ సేద్దామంటే నా సంగతి నీకు తెలిసిందే. స్టీలుప్లాంటు మిల్లు హోరు నా సెవులు రెండూ తినీసింది. సెవి మిషను పెట్టుకుని ఫోను దగ్గరకి తెస్తే అది కీసుమని అరుస్తాది, నువ్వు మాటాడేదంతా అందులో కొట్టుకుపోతాది. అందుకే కాగితం.

పనేటంటే, మన ఊళ్ళోళ్ళ సంఘంలో సూరన్న నాకొక పని అంటగట్టాడు. కార్యదర్శి కదా, ఎవుడు ఖాళీగా దొరుకుతాడా అని సూస్తుంటాడు. నా ఇంటిది, మీ అప్ప గౌరి పోయాక నాను గుమ్మంలో కూకోడం సూసి, తీసికెళ్ళి సంఘం ఆఫీసులో కంప్యూటరు ముందు కూకోబెట్టీసాడు. సెవులు పోయాక ప్లాంటు వాళ్ళు నన్ను హాజరు పట్టీలు టైపు సెయ్యమని షిఫ్టు ఆఫీసులో పడీసినారు కదా, ఆ విద్య ఇప్పుడు పనికొచ్చింది.

సంఘంలో ప్రతి ఇంటికీ పోయినోళ్ళకి కూడు పెట్టీ పెద్దల రోజు ఉంటాది కదా. ఆ రోజున సంఘం నుంచి నలుగురు ఎల్లి ఆ ఇంట్లో కూకుని బోంచెయ్యాలి, ఆ కూడు ఎవుడూ ఒంటిగా తినకూడదు అని మనం పెట్టుకున్న కట్టుబాటు. ఈ మధ్య మరిసిపోతన్నారు. మొన్న రాము ఇంటికి ఎవుడూ ఎల్లలేదు. అతను ఇస్తళ్ళు ఏసీసి, గుమ్మం వైపు సూస్తా కూకున్నాడంట పాపం. అందుకని అందరి రోజులూ ఎక్కించి, ఏ నెలలో ఎవరిల్లో ముందే తెలిసీలాగ వరసలో పెట్టమన్నాడు సూరన్న.

ఎక్కించాను. నెల పేర్లు ఇంగ్లీషులో కొట్టాను. వరసలో పెట్టమంటే ఏటి సేసిందో తెలుసా? ఏప్రిల్‌ని ముందు పెట్టి, దాని ఎనక ఆగస్టు, దాని ఎనక డిసెంబరు! ఏబీసీడీల లెక్కన పెడతందంట ముండ. పేర్లని నెంబర్లు సేస్తే గాని మాటినదు. నువ్వు ఓడల తారీకులన్నీ ఈ ఎక్సెల్లోనే రాస్తావు కదా, ఎలగ సెయ్యాలో సెప్పు.

ఏళకి తిను.

నీ బావ,
గురునాథరావు


కాండ్లా,
24 జనవరి 2026

బావకి దండాలు.

కవరు మీద నీ రాత చూసి, ఏ కబురో ఏటో అని నిలబడ్డచోటే చింపాను. లోపల చూస్తే ఎక్సెల్! నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు.

ముందు నీ పని చెప్తాను. నెల పేరున్న గడి పక్క గడిలోకి ఎల్లి ఈక్వల్ టు కొట్టు. తర్వాత ఇంగ్లీషులో మంత్ అని కొట్టి బ్రాకెట్టు తెరువు. అందులో ఒకటి అంకె, అండ్ గుర్తు, నెల పేరున్న గడి నెంబరు. బ్రాకెట్టు మూసీ. అంతే. కిటుకేటంటే, ఉత్తినే 'జూన్' అంటే దానికి బుర్రకెక్కదు. ముందు ఒకటి తగిలిస్తే ఒకటో తారీకు జూన్ అనుకుని, అది ఏ నెలో చూసి 'ఆరు' అని ఇస్తాది. పై గడిలో ఒక్కసారి కొట్టి, మూల పట్టుకుని కిందకి లాగీ. అన్నీ వచ్చేస్తాయి. ఇంక నెంబర్ల వరసలో పెట్టుకోడమే.

ఇప్పుడు నాది ఒక మాట. అందరి పెద్దల రోజులూ ఎక్కించాను అన్నావు. అప్ప రోజు ఎక్కించావా? లేదనుకుంతన్నాను.

కిందటేడు నాను బండి దిగి ఇంటికొచ్చీసరికి అప్పని తీసికెళ్ళిపోయారు. అది నీ తప్పు కాదు, ఆ ఎండలో ఎంతసేపని ఉంచుతారు. అమ్మ పోయిన దగ్గర్నుంచి నన్ను పెంచింది అప్ప. ఆవిడ మొహం నాకు దక్కలేదు. పోనీ బావైనా ఉన్నాడు కదా అని నీ పక్కకొచ్చి కూకున్నాను. మర్నాడు మళ్ళీ బండెక్కీదాకా నువ్వు నాతో ఒక్క మాట ఆడలేదు. ఇన్నాళ్ళూ అదే మనసులో పెట్టుకుని తిరుగుతన్నాను. నీకు నా మీద కోపం దేనికో నాకు తెలీదు.

పని అయిందో లేదో రాయి.

ఎల్లారావు


కూర్మన్నపాలెం,
8 ఫిబ్రవరి 2026

ఒరే ఎల్లారావూ,

నీ మంత్ పని సేసింది. లాగీసరికి టకటకా నెంబర్లు దిగిపోనాయి. సూరన్న నా ఎనకాల నిలబడి సూసి, "ఓర్నాయనో!" అని నా ఈపు మీద ఒక్కటిచ్చాడు. ఇంగ్లీషు నెలల్లో తారీకు సెప్పినోళ్ళ వరకూ అయిపోయింది.

గాని సగం మంది అలగ సెప్పలేదురా. మనోళ్ళకి తిథులే గుర్తు. మా నాన్న మాఘ బహుళ అష్టమి అంతాడొకడు, మా అత్త శ్రావణ శుద్ధ విదియ అంతాదొకర్తి. అవి తెలుగులో కొట్టి నీ మంత్ ఎడితే, హాషు గుర్తు ఏసి వేల్యూ అని పెద్దక్షరాలతో తిడతంది. మన నెలలకి దాని దగ్గర నెంబర్లు లేవేటి?

ఇంట్లో సంగతులేటున్నాయి రాయడానికి. పొద్దున్న అన్నం వండితే రేత్రికి కూడా అదే. మీ అప్ప ఉన్నప్పుడు కంద ఆవపెట్టి సేస్తే నాను వంకలెట్టీవోడ్ని. ఇప్పుడు ఉల్లిపాయ కోసుకుని సద్దన్నం తినీసి లెగిసిపోతన్నాను. టీవీ పెట్టి సౌండు తీసీసి బొమ్మలు సూస్తాను. సౌండు పెట్టినా ఒకటే, తీసినా ఒకటే.

నీతో మాటాడలేదన్నావు. నువ్వేటి మాటాడావురా? వచ్చావు, కూకున్నావు, లెగిసిపోయావు. ఎల్తానని కూడా సెప్పలేదు. బావమరిది కాదు, కొడుకులాగ సూసుకున్నాను నిన్ను. దూరపు సుట్టాలు సీపురుపల్లి అత్తోరు పలకరించిన పాటి కూడా నువ్వు పలకరించలేదే అని నాను అనుకున్నాను. నాకు ఉండదా కష్టం.

మీ అప్ప రోజు ఎక్కించలేదు. తెలుగు నెలే ఎక్కడం లేదు కదా, అదొక సాకు దొరికింది నాకు.

గురునాథరావు


కాండ్లా,
1 మార్చి 2026

బావకి,

సాకు తీసీస్తాను చూడు. కంప్యూటరుకి మన నెలలు తెలీవు, మనమే చెప్పుకోవాలి. పక్కన ఖాళీగా ఉన్న చోట ఒక చిన్న పట్టిక చెయ్యి. ఎడం వరసలో మన పన్నెండు నెలల పేర్లు, కుడి వరసలో ఇంగ్లీషు నెల నెంబరు. చైత్రానికి నాలుగు, వైశాఖానికి ఐదు, జ్యేష్ఠానికి ఆరు. అలగే ఎల్లి, పుష్యానికి ఒకటి, మాఘానికి రెండు, ఫాల్గుణానికి మూడు. తర్వాత వీలుకప్ అని ఒకటుంది, అది పేరు తీసికెళ్ళి ఆ పట్టికలో ఎతికి ఎదురుగా ఉన్న నెంబరు తెచ్చి పెడతాది. ఎలగ కొట్టాలో ఇంకో కాగితం మీద బొమ్మేసి పెట్టాను. నెంబరు తెలిస్తే ఆ నెల క్యాలెండరు కాగితం తిప్పి తిథి ఏ రోజు పడిందో చూసుకోడమే.

అప్పదే ముందు ఎక్కించు. ఏ నెంబరు వచ్చిందో నాకు రాయి. శలవు పెట్టాలి. మాకు ఏడాదికి ఒక్కసారే పెద్ద శలవు, అది కూడా చాలా ముందు చెప్పాలి.

ఇంక నాను మాట్లాడలేదన్నావు చూడు, అది చదివి అన్నం సయించలేదు నాకు. నాను మాట్లాడాను బావ! నీ ఎడం పక్క కూకుని, "బావా, నానున్నాను, నువ్వు దిగులెట్టుకోకు" అన్నాను. రెండుసార్లు అన్నాను. నువ్వు అటు తిరిగిపోయావు. పొద్దున్న ఎల్తన్నప్పుడు గుమ్మంలో నిలబడి "ఎల్లొస్తాను బావ" అన్నాను. నువ్వు గోడకేసి చూస్తా ఉన్నావు. గోడకున్నపాటి విలువ నాకు లేదు కదా అనుకుని బండెక్కీసాను.

కోపంలో ఉన్నాను గాని, అప్ప సంగతి ఒకటి రాస్తాను, ఉంచుకో. మన ఊళ్ళో జీడితోటలో నాను తప్పిపోతే అప్ప ఈల వేసీది. నాలిక మడత పెట్టి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేస్తే గెడ్డ నీళ్ళు దాటి అవతల గట్టుకి ఇనబడీది. ఆడపిల్ల ఈలేటి అని నాన్న కొట్టినా మానలేదు. నీకు తెలుసునా ఈ సంగతి?

ఎల్లారావు


కూర్మన్నపాలెం,
29 మార్చి 2026

ఒరే ఎల్లిగా,

నీ ఉత్తరం రెండుసార్లు సదివాను.

నా ఎడం సెవి పూర్తిగా సచ్చిపోయిందిరా. కుడి దానికే మిషను. ఆ రోజు ఆడోళ్ళ ఏడుపులు మిషన్లోంచి సూదుల్లాగ గుచ్చుకుంటంటే తట్టుకోలేక తీసీసి జేబులో పడీసాను. మర్నాడంతా కూడా పెట్టుకోలేదు. పెట్టుకుని ఇనడానికి ఇంట్లో ఏటుంది అనిపించింది. నువ్వు మాటాడావా? నానున్నాను అన్నావా? అయ్యో. ఆ మాట ఇనుంటే ఈ తొమ్మిది నెలలూ నాను ఇంకోలాగ బతికుందును కదరా.

ఈల సంగతి నాకు తెలీదు. నా ఇంట్లో ఎప్పుడూ వెయ్యలేదు గౌరి. ఏమో, వేసిందేమో కూడా. వంటింట్లో వేసుకునీదేమో, నాకు ఇనబడలేదేమో. పెళ్ళయిన కొత్తలో నాకు సెవులు బాగానే ఉన్నాయి, అప్పుడు సిగ్గుపడి మానీసిందేమో. ఎవుర్ని అడగాలి ఇప్పుడు? నాను కాపరం సేసిన మనిషి సంగతి నీ ఉత్తరంలో సదువుకుంతన్నాను.

పట్టిక సేసాను. మీ అప్పది జ్యేష్ఠ బహుళ పంచమి. వీలుకప్ ఆరు అని ఇచ్చింది. ఆరంటే జూన్. గోడ మీద క్యాలెండరు జూన్ కాగితం తిప్పి సూస్తే, ఐదో తారీకు శుక్రవారం బహుళ పంచమి అని ఉంది. పైన సన్నక్షరాల్లో ఇంకేదో ఉంది, నా అద్దాలకి ఆనలేదు. కిందటేడు కూడా జూనే కదా, సరిగ్గానే వచ్చింది.

నువ్వు రావాలి రా. నాను నోరు తెరిసి అడుగుతన్నాను. ఏడాది తిరిగిన రోజున పుట్టింటోళ్ళు కొత్త గుడ్డ తెచ్చి మొగుడి భుజం మీద ఎయ్యాలి. అప్పుడు గాని ఆ ఏటి మైల దిగదు. మీ అప్పకి పుట్టిల్లంటే నువ్వొక్కడివే. గుడ్డ మాట అటుంచు. సంఘం నుంచి నలుగురొస్తారు, మంచోళ్ళే, కూకుని తింతారు. గాని ఆళ్ళకి తెలిసిన గౌరి, టీ ఇచ్చిన గౌరి. ఈలేసిన గౌరి నీ ఒక్కడికే తెలుసు. ఆ రోజు నా పక్కన నువ్వు లేకపోతే నాను కూడు ముద్ద మింగలేను.

కుడి పక్క కూకో ఈసారి.

నీ బావ


కాండ్లా,
8 ఏప్రిల్ 2026

బావకి దండాలు.

మిషను జేబులో పెట్టుకున్నావా? ఓరి దేవుడా! ఆ జేబుకి చెప్పానేటి నాను అంతసేపూ? చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. గదిలో ఉన్న బీహారు కుర్రాళ్ళు నాకేదో అయిందని నీళ్ళిచ్చారు.

శలవు దొరికింది. మేనేజరు ముందు మొహం చిట్లించాడు, జూన్‌లో ఓడలు ఎక్కువ అని. మా అప్ప ఏడాది అని గట్టిగా చెప్పాను. మూడో తారీకుకి ఇంటికొచ్చేస్తాను. పంచె, కండువా ఇక్కడే తీసుకున్నాను. కొట్టువాడు ఎవరికని అడిగితే చెప్పడానికి హిందీలో బావకి ఏటంతారో గుర్తు రాలేదు.

నిజం చెప్పనా, ఇక్కడ నాను తెలుగు మాట్లాడీది ఎవరితోనూ లేదు. ఈ ఉత్తరం రాస్తంతే నాలో నానే పైకి చదువుకుంతన్నాను. పెళ్ళి చేసుకోమని అప్ప ఎంత పోరిందో నీకు తెలుసు. చేసుకోలేదు. ఇప్పుడు డ్యూటీ నుంచొచ్చి ఏటి తిన్నావురా అని అడిగీ మనిషి లేక, నన్ను నానే అడుక్కుంతన్నాను.

చందనం నాడు సింహాచలం కొండెక్కుతావా? అప్ప ఉంటే నిన్ను ఎక్కించకుండా ఒగ్గీది కాదు. ఎక్కితే నా పేరు చెప్పి దండం పెట్టు.

వచ్చాక బోల్డన్ని చెప్తాను. అప్ప సంగతులు నా దగ్గర చాలా ఉన్నాయి.

ఎల్లారావు


కూర్మన్నపాలెం,
26 మే 2026

ఒరే ఎల్లిగా,

కొంప మునిగిందిరా.

ఐదో తారీకు సంగతి సెప్పి రమ్మందామని నిన్న పంతులుగారి దగ్గరకి ఎల్లాను. ఆయన పంచాంగం తీసి సూసి, "గురునాథం, ఇది అధిక జ్యేష్ఠం. ఇందులో ఏడాది పెట్టకూడదు. నిజ జ్యేష్ఠంలో పెట్టాలి, అది జులై నాలుగు" అన్నాడు. ఇంటికొచ్చి, ఆ సన్నక్షరాలేటో పక్కింటి జ్యోతిర్మయి సేత సదివించాను. అధికం అనే ఉందిరా దాని మీద. జనవరి నుంచీ గోడ మీదే ఉంది.

మనం పట్టికలో పన్నెండు నెలలే రాసుకున్నాం. ఈ ఏడు మనకి పదమూడు నెలలు. ఒకే పేరుతో రెండు జ్యేష్ఠాలు ఒకదాని ఎనక ఒకటి, మొదటిది అధికం. అధిక జ్యేష్ఠం అని కొట్టి సూసాను, పట్టికలో లేదు పొమ్మంది. నిజమే, మనం రాయనిది దానికెలా తెలుస్తాది. ఇప్పుడు నాను కూకున్నది నెంబరు లేని నెలలో. ఇందులో పెళ్ళి లేదు, పేరంటం లేదు, సచ్చిపోయినోళ్ళకి కూడు పెట్టడం కూడా లేదు. ఈ ఏటి మైల ఒక్క నెల ఇంకా మోయాలి.

ఉత్తరం నీకందీసరికి నువ్వు బండెక్కీస్తావేమో అని, ఇప్పుడే సూరన్న సేత నీకు ఫోన్ సేయించాను. జూన్‌లో కాదు, జులైలో అని, అధికమాసం సంగతంతా సెప్పమన్నాను. అతను అవతలకెళ్ళి మాటాడి వచ్చి, సెప్పీసాను అన్నాడు. శలవుని జులైకి మార్పించుకో నాయనా. మేనేజరు కాళ్ళు పట్టుకోవాలంటే నా పేరు సెప్పి పట్టుకో.

నీకోసం కంద తెప్పించి ఉంచాను. ఉంటాది, పాడవదు.

నీ బావ


కాండ్లా,
27 మే 2026

గురునాథరావు గారికి,

నిన్న సూరన్న ఫోన్ చేసాడు. "జూన్‌లో రావద్దంతన్నాడు మీ బావ" అన్నాడు. ఎందుకు అన్నాను. "అదేదో నాకు సరిగ్గా తెలీదు, రాస్తాడులే" అని పెట్టీసాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

రావద్దు! రెండు నెలల కిందట రా రా అని రాసి, సంచి సర్దుకున్నాక రావద్దు. సొంత మాట కూడా కాదు, ఇంకొకడి నోటంట.

నా వల్ల సంఘంలో పెద్దోళ్ళ ముందు ఏటి తక్కువైపోతాదో నాకు తెలీదు. పెళ్ళీ పెడాకులూ లేనోడు, ఏ దిక్కూ లేనోడు వచ్చి గుడ్డ పెడితే బాగోదన్నారేటి ఎవరైనా? అన్నా నువ్వు ఊరుకున్నావేటి? ఆ రోజు మిషను తీసీసానంటే నమ్మాను. ఈ రోజు ఏటి తీసీసావు?

టికెట్ రద్దు చేసీసాను. శలవు కూడా అక్కర్లేదని మేనేజరుకి రాసిచ్చీసాను. ఖాళీగా గదిలో కూకుని ఆ ఐదో తారీకుని చూడలేను. పన్లో ఉంటాను.

అప్పకి నా చేత్తో ముద్ద పెట్టీ యోగం కూడా నాకు లేదు.

ఎల్లారావు


కాండ్లా,
7 జూన్ 2026

బావా,

నీ ఇరవయ్యారో తారీకు ఉత్తరం నిన్న అందింది. నా ఉత్తరం నీకు ఈపాటికి అందే ఉంటాది. అది చింపీ. చదివీసుంటే మర్చిపో. గురునాథరావు గారు అని రాసాను నీకు. ఆ చెయ్యి ఇరగ.

సూరన్న అధికమాసం మాటే ఎత్తలేదు బావ. ఒట్టు. రావద్దన్న ఒక్క ముక్కే చెప్పాడు. పట్టిక చేసింది నాను. పన్నెండు అని ధీమాగా రాసి పంపింది నాను. ఇక్కడ గోడ మీద మన క్యాలెండరు లేదు, అమావాస్యో పున్నమో కూడా తెలీదు. అధికమాసం అని ఒకటుంటాదని చిన్నప్పుడు అప్ప నోట ఇన్నాను, అదే మర్చిపోయాను.

ఐదో తారీకు డ్యూటీ చేసాను. అది రోజు కాదని నాకప్పటికి తెలీదు కదా. అప్ప రోజనే అనుకున్నాను. మజ్జాన్నం డబ్బా తెరిస్తే తినబుద్ధి కాలేదు. జెట్టీ చివరకెళ్ళి నీళ్ళలో ఒక ముద్ద వేసాను. ఇక్కడి నీళ్ళు బురద రంగు, మన సముద్రంలాగ ఉండవు. అప్పా అని పిలిచాను. పక్కన క్రేను తిరుగుతంది, నాకే ఇనబడలేదు నా గొంతు.

ఇప్పుడు అసలు సంగతి. శలవు పోయింది బావ. నాను వద్దని రాసిచ్చిన శలవుని మేనేజరు ఇంకొకరికి ఇచ్చీసాడు. జులైకి అడిగాను, బతిమాలాను. "నువ్వే వద్దన్నావు, మళ్ళీ వచ్చే ఏడే" అన్నాడు. ఉద్యోగం ఒగ్గీసి వస్తానని కూడా అన్నాను, నా వయసుకి ఇంకో చోట ఎవరిస్తారని కుర్రాళ్ళు ఆపారు. 

పంచె, కండువా పార్సిలు చేస్తాను. సూరన్న చేత భుజం మీద వేయించుకో. వీడియో పెడితే నాను ఇక్కడ్నుంచి చూస్తాను. ఇంతకన్నా నాకు దారి కనబడ్డం లేదు. నన్ను క్షమించు.

నీ ఎల్లిగాడు


కూర్మన్నపాలెం,
17 జూన్ 2026

ఒరే ఎల్లిగా,

నీ ఉత్తరాలు రెండూ అందినాయి. గారు పెట్టిన ఉత్తరం సరిగ్గా ఐదో తారీకునే వచ్చింది. గుమ్మంలో నిలబడి సదివాను. కోపం రాలేదురా. నాను నీ తలుపు మూసీసానని నువ్వనుకుంతన్నావు, నాను తలుపు తీసుకుని కూకున్నాను. ఇద్దరం ఎవుడింట్లో వోడు ఏడిసాం ఆ రోజు. సూరన్నని నిలదీస్తే, "అధికం, నిజం అంటే ఫోన్లో ఎవుడికర్థమవుతాది, అసలు ముక్క సెప్పీసాను కదా" అంతన్నాడు. పని తేలిగ్గా సేసీ మనిషి, ఏటి సెయ్యగలం.

రెండో ఉత్తరం వచ్చిన కాడి నుంచి నాకు నిద్ర లేదు. పార్సిలు సెయ్యకు. సెప్తన్నాను ఇను, పార్సిలు సెయ్యకు. పోస్టుమేను సేతిలోంచి తీసుకుని, సూరన్న సేత ఏయించుకుంటే అది గుడ్డే, మీ అప్ప పుట్టిల్లు కాదు.

పంతులుగారి దగ్గరకి ఎల్లాను. పుట్టిల్లు నా దగ్గరకి రాలేకపోతే నానే పుట్టింటికి ఎల్లొచ్చునా అని అడిగాను. ఆయన, "అన్నం పెట్టడానికి సోటేటి గురునాథం, ఎవురు పెడతన్నారన్నదే" అని కాగితం మీద రాసిచ్చాడు. ఏటేటి కావాలో, ఏ ఏళకి సెయ్యాలో అన్నీ రాయించుకున్నాను.

సంఘంలో గోల. "మీ ఇంటికి మేం నలుగురం రాపోతే కట్టుబాటేటవుతాది, పెట్టింది నువ్వూ మేమూ కాదా" అని సూరన్న మూతి ముడిసాడు. నాను సెప్పాను, ఆ కూడు ఒంటిగా తినకూడదన్నదే కదా కట్టుబాటు, నాను ఒంటిగా తినను, మా ఎల్లిగాడితో తింతాను అని. తర్వాత అతనే స్టేషనుకి వచ్చి టికెట్ తీసాడు.

మీ కాండ్లా పక్క గాంధీధాం బండి వారానికొకటే. రెండో తారీకుకి నీ దగ్గరుంటాను. దారిలో ఏ ఊరొచ్చిందో నాకు ఇనబడదు గాని, ఆఖరి స్టేషనే కదా, అందరూ దిగితే దిగుతాను. నువ్వు శలవు అడక్కు. నాలుగో తారీకున పొద్దున్న డ్యూటీకి ఎల్లు. నాను గదిలో వంట సేసి ఉంచుతాను, ఆ బీహారు కుర్రాళ్ళకి కూడా. పితృకార్యం మజ్జాన్నం దాటకూడదు కాబట్టి నీ తిండి గంటలో పరిగెత్తుకుని రా. ఇద్దరం కలిసి మీ అప్పకి పెడదాం. గుడ్డ నా భుజం మీద ఎయ్యి. తర్వాత పన్లోకి ఎల్లిపో. సాయంత్రం వచ్చి ఆవిడ సంగతులు ఒక్కోటీ సెప్పు, నాను కుడి పక్క తిరిగి ఇంటాను.

ఇంకొక్క మాట, ఇది మొహం మీద సెప్పలేను కాబట్టి రాసీస్తన్నాను. ఇంటి తాళం జ్యోతిర్మయికి ఇచ్చాను. సంఘం లెక్కలు సూరన్నకి ఒప్పజెప్పీసాను. తిరుగు టికెట్ ఎప్పటికి తియ్యమంటావని బుకింగు కాడ సూరన్న కాగితం మీద రాసి సూపించాడు. తర్వాత సూద్దాంలే అన్నాను. నువ్వు కూడా అడక్కు రా.

నీ బావ